చెరువు గేటు తాళంచెవి

మా ఎర్లిండా వదిన గురించి మా ఊరు షిప్‌రాక్ సంతలో తలా ఒక మాట అంటారు. "చేపల పిచ్చిది" అంటారు. "సొంత తమ్ముడికి కంచంలో ఏం పెట్టిందో తెలుసా" అంటారు. నా బండి దగ్గర నిలబడి, నేను చేసిన రొట్టె, నేను కాల్చిన గొర్రెమాంసం తింటూ నా ముందే అంటారు, సిగ్గులేనోళ్ళు. ఆమె నాకు మేనత్త కూతురు. ఆమెని ఎగతాళి చేసే హక్కు నాది, నలభై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాను. వీళ్ళెవరు మధ్యలో? అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అదీ చెప్తాను.

మాది నవాహో తెగ, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉన్నవాళ్ళం. మా పెద్దవాళ్ళు చేప తినరు. నీళ్ళలో ఉండేవాళ్ళ జోలికి పోకూడదంటారు. ఎందుకని అడిగితే "ఇవన్నీ చలికాలం చెప్పుకునే కథలు, చలికాలం రానీ" అంటారు. చలికాలం వచ్చాక మరిచిపోతారు. అలాంటి ఇంట్లో పుట్టిన వదిన, మొగుడు లీలండ్ పోయిన రెండో ఏడు, బంగాళాదుంపలు సంచులకెత్తే షెడ్డులో పని మానేసి చేపల ఆఫీసులో చేరింది. మా అత్త ఎల్సీ పెట్టిన రాద్ధాంతం అంతా ఇంతా కాదు.

"ఆ చేతుల్తో నా పిండి ముట్టుకోకే!"

"కడుక్కున్నానమ్మా."

"కడిగితే పోయేది మట్టి. పాపం పోద్దా?"

నేనూ ఊరుకోలేదు. "వదినా, దగ్గరికొస్తే నీచు వాసన. ఈ కంపుకి నీకింకో మొగుడు దొరికినట్టే" అన్నాను.

"దొరికి నీ మొగుడిలాగా గురకపెట్టేకంటే చేపలే నయం. నోరెత్తవు" అంది. ఆమె నోటికి జవాబు చెప్పగలిగినోళ్ళు మా వైపు ఇంకా పుట్టలేదు.

ఆమె పని ఏంటంటే, పొలాల పక్కనున్న పెద్ద చెరువుకి కాపలా. చెరువులో పెరిగేవి మూపు చేపలు. తల వెనక నిక్కబొడుచుకున్న మూపు, కిందికి తిరిగిన నోరు. అందం గురించి అడక్కండి. కానీ అవి మా నదివి. మా నదిని మేం ముసలాయన అంటాం. ఆ ముసలాయన దగ్గర మనకంటే ముందునుంచీ ఉన్నవి అవి. పైన ఆనకట్ట కట్టారు, నీళ్ళు చల్లబడ్డాయి. ఎక్కడినుంచో జెల్లల్ని తెచ్చి వదిలారు, గాలం వేసేవాళ్ళ సరదా కోసం. మూపు చేప నలభై ఏళ్ళు బతుకుతుంది, ఏటా గుడ్లు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్లని వచ్చినట్టే ఆ మీసాల జెల్ల మింగేస్తుంది. చివరికి నదిలో ముసలి చేపలే మిగిలాయి. అందుకని వసంతంలో వేలెడేసి పిల్లల్ని తెచ్చి చెరువులో వేస్తారు. అక్టోబరు దాకా పెంచితే మోచేతి పొడుగవుతాయి. అప్పుడు వాటి కడుపులో బియ్యపుగింజంత గుర్తు దూర్చి నదిలో వదులుతారు. ఆ సైజుకొచ్చాక జెల్ల నోట్లో పట్టవు.

మొదటి ఏడు వదిన జీతం కోసమే చేసింది. అక్టోబరులో నదిలో వదిలేటప్పుడు ఒక చేప ఆమె రెండు చేతుల మధ్య కాసేపు అలాగే ఉండిపోయిందట, పోబుద్ధి కానట్టు. తర్వాత మెల్లిగా జారుకుందట. ఆ రోజు సాయంత్రం నా బండి దగ్గరికొచ్చి కాఫీ తాగుతూ ఆ మాటే నాలుగుసార్లు చెప్పింది. మూడో ఏడు నది అడుగున వేసిన తీగ మీదుగా ఆమె చేపొకటి దాటింది. ఆ తీగ చేప కడుపులోని గుర్తుని, దాని నంబరుని చదువుతుంది. వంద మైళ్ళు పైకి ఈదిందట. వదిన సంత మధ్యలో నిలబడి ఆ నంబరు అరిచి చెప్పింది. లాటరీ కొట్టిందేమో అనుకుని ఇద్దరు ముసలాళ్ళు ఆమెకి చెయ్యి కూడా కలిపారు.

అలా పదకొండేళ్ళు. పన్నెండో ఏడు వసంతంలో ఆఫీసు నుంచి మిస్ గ్రెచెన్ వచ్చింది. ఆమె వదినకి పై అధికారి. చెడ్డమనిషి కాదు, అదే నాకు మంట. "ఎర్లిండా, రెండేళ్ళుగా కరువు, కొంగలు కూడా ఎక్కువయ్యాయి, లెక్క తగ్గుతోంది. ఈసారి రెండు వేల పిల్లల్ని వేస్తున్నాం. పదిహేను వందలైనా బతికితేనే ఈ చెరువు ఉంటుంది. లేకపోతే సిటీలో తొట్లలో పెంచమంటున్నారు పైవాళ్ళు" అంది.

"బతుకుతాయి. నా పూచీ" అంది వదిన. ఆ రోజు నుంచీ చెరువు మీద అడ్డంగా తాళ్ళు కట్టింది, కొంగలు వాలకుండా. పాత గిన్నెలు వేలాడదీసింది. రోజుకి రెండుసార్లు గట్టంతా నడిచేది. చెరువుకి ఇనప కంచె, గేటు, గేటుకి తాళం. తాళంచెవులు రెండు. ఒకటి ఆమె మెడలో పూసలదండకి ఉండేది. రెండోది ఎవరికీ ఇవ్వకూడదని ఆఫీసు రూలు. ఆమె దాన్ని తమ్ముడికిచ్చింది.

డెల్బర్ట్ గురించి చెప్పాలి. వాడు వదినకంటే పన్నెండేళ్ళు చిన్న. అత్త గొర్రెల వెంట కొండల్లో ఉంటే వాణ్ణి పెంచింది వదినే. ముక్కు తుడిచింది, అక్షరాలు దిద్దించింది, బడికి పంపింది. పెద్దయ్యాక వాడు ఆయిల్ బావుల్లో పనికెళ్ళి, తాగుడు మరిగి, ఆ పనీ పోగొట్టుకుని ఫార్మింగ్టన్‌లో రోడ్ల మీద పడ్డాడు. వెళ్ళి కారులో ఎక్కించుకొచ్చింది వదినే. మానిపించింది. ఏడాది చూసి, "మా తమ్ముడు, నా పూచీ" అని చేపల ఆఫీసు పడవలో పని ఇప్పించింది. ఆ వేసవికి అత్త దొడ్లో బావి ఎండిపోయింది. గొర్రెలకి నీళ్ళు మోయాలి. చెరువు పక్కన పంపుంది. "గేటు తీసుకో, ట్యాంకు నింపుకో, మళ్ళీ తాళం వేసి ఒకసారి లాగి చూడు" అని చెప్పి తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. ఊరికే అన్నారా పెద్దలు.

వాడి పడవ పనేంటంటే, నదిలో కరెంటు పెడతారు. చేపలు సొమ్మసిల్లి పైకి తేలతాయి. మూపు చేపని మళ్ళీ వదిలేస్తారు. జెల్లని పట్టి, కర్రతో తలమీద కొట్టి చంపి, గోతిలో పూడ్చేస్తారు. రోజుకి వంద, రెండు వందలు.

ఒక ఆదివారం అత్త ఇంట్లో అందరం మాంసం కూర తింటున్నాం. డెల్బర్ట్ చెయ్యి వణుకుతుంటే చెంచా గిన్నెకి కొట్టుకుంటోంది. మళ్ళీ తాగాడేమోనని నేను వాసన చూశాను కూడా.

"అక్కా, చంపి పారేయడమేంటక్కా? మనం తినం, కుక్కకి కూడా పెట్టం. గోతిలో వేసి మన్ను కప్పడం. కొన్ని నా వంక చూస్తాయి" అన్నాడు.

"అవి బతికితే మనవి బతకవురా."

"వాటికేం తెలుసు, ఇది తమ నది కాదని?"

అత్త, మా పెద్దవాళ్ళ అలవాటు ప్రకారం వేలెత్తకుండా, పెదవులతో వాడి చెయ్యి వైపు చూపించింది. "చంపింది తినకుండా పారేసేవాడి చేతులు అలాగే వణుకుతాయి. గొర్రెని కోస్తే నెత్తురు చుక్క కూడా పారబొయ్యం మనం. నువ్వు రోజుకి రెండొందల ప్రాణాలు పారబోస్తున్నావు. ఆపు."

"అమ్మా, వాడి మనసు పాడుచెయ్యకు. పనిలో కుదురుకుంటున్నాడు" అంది వదిన. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాం. పక్కనే ఉన్నాను నేను. రొట్టె ముంచుకుని తింటున్నాను.

జూన్‌లో మా కైరా పెద్దమనిషి అయింది. నాలుగు రోజుల వేడుక. వదిన లేకుండా నా కూతురి వేడుకేంటి! నాలుగు రోజులూ నా ఇంట్లోనే ఉండి మొక్కజొన్నలు విసిరింది, పొద్దున్నే ఆచారం ప్రకారం అమ్మాయి తూర్పుకి పరుగెడితే వెనకాల కేకలేస్తూ తనూ పరుగెత్తింది. పన్నెండేళ్ళలో చెరువుని నాలుగు రోజులు వదిలి ఉండడం అదే మొదలు. "డెల్బర్ట్ చూసుకుంటాడు, తాళంచెవి వాడి దగ్గరుంది" అంది. మొక్కజొన్న కేకు కాల్చడానికి నేలలో గొయ్యి తవ్వే పని కూడా వాడిదే. మూడో రోజు పొద్దున్నే వస్తానన్నవాడు ఎండ నడినెత్తికొచ్చాక వచ్చాడు. మోకాళ్ళ దాకా తడి. బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.

"ఏరా, ముసలాయనలో పడ్డావా? లేక పెళ్ళాం లేని కోపంలో ప్యాంటులోనే కానిచ్చావా?" అన్నాను. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. వాడూ నవ్వాడు, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువ నవ్వాడు. తర్వాత చకచకా గొయ్యి తవ్వేశాడు. చెయ్యి వణకడం లేదు. నేను చూశాను. ఆ రోజు పడవకి సెలవని కూడా నాకు తెలుసు. జోకేసి పిండి కలపడానికెళ్ళిపోయాను. అదీ నా తప్పు.

ఆగస్టుకల్లా వదిన మొహంలో తేడా వచ్చింది. మేత చల్లితే పైకొచ్చే సుడులు తగ్గాయట. "ఎండకి అడుక్కి పోయాయేమోలే వదినా" అన్నాను. మధ్యలో వల వేసి చూడమని ఆఫీసుకి ఫోన్ చేసింది. మనుషులు తక్కువగా ఉన్నారు, అక్టోబరులో ఎలాగూ చూస్తాంగా అన్నారు. ఒకరోజు నా ముందే డెల్బర్ట్‌ని అడిగింది. "నీళ్ళకెళ్ళినప్పుడు ఏమైనా కనబడిందా తమ్ముడూ?"

"కొంగలేమో అక్కా" అన్నాడు.

ఆమె వెళ్ళి ఇంకో వంద గజాల తాడు కొనుక్కొచ్చి కట్టింది. వాడే పట్టుకున్నాడు ఆ తాడు రెండో కొస. ఇది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోద్ది. చంపడం చేతకాలేదు, సరే. ఆ తాడు కొస ఎలా పట్టుకున్నావురా?

అక్టోబరులో చెరువు నీళ్ళు దింపారు. ఏడుగురం చేరాం. నేను రొట్టెలు, కాఫీ పట్టుకెళ్ళాను, ఏటా పట్టుకెళ్తాను. డెల్బర్ట్ రాలేదు, నడుం నొప్పని కబురు పంపాడు. వదిన నడుం లోతు నీళ్ళలో ముందు నిలబడి వల లాగింది. వల గట్టుకి చేరింది. అందులో మీసాలు కనిపించాయి.

బలిసిన జెల్లలు, ఒక్కొక్కటీ నా తొడంత. రెండోసారి లాగారు, మూడోసారి లాగారు. సాయంత్రానికి జెల్లలు ముప్పై ఎనిమిది. మూపు చేపలు ముప్పై ఒకటి. రెండు వేలకి ముప్పై ఒకటి. గ్రెచెన్ ఒక జెల్ల కడుపు కోసి చూసింది. నిండా సన్నటి ముళ్ళు. వదిన వాటిని అరచేతిలో వేసుకుని చూసింది.

ఆ తర్వాత ఆమె హోస్కీ మీద పడింది. హోస్కీ కాలవ మనిషి, అరవై ఐదేళ్ళవాడు, లీలండ్‌కి వంశంలో అన్న. వదిన ఆయన్ని బావగారూ అనే పిలుస్తుంది. చెరువులోకి నీళ్ళొచ్చే కాలవ మొగలో ఇనప జాలీ ఉంటుంది, నది చేపలు రాకుండా. దాన్ని తీసి తుడిచేది ఆయనే.

"జాలీ తీసి మళ్ళీ పెట్టలేదు! ఇంకెలా వస్తాయివి? ఎగిరొచ్చాయా? ఇరవై ఏళ్ళుగా అదొక్కటే పని, అదీ చేతకాలేదా నీకు?" ఏడుగురి ముందు, ఏకవచనంలో.

"నేను మర్చిపోలేదమ్మా. జాలీ ఉంది, పోయి చూడు" అన్నాడాయన.

"ఇప్పుడు పెట్టి ఉంటావు!"

నేనూ తగులుకున్నాను. "ముసలితనం వస్తే ఇంట్లో కూర్చోవాలి గానీ" అన్నాను. ఆయన నా వంక చూశాడు, టోపీ పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. మర్నాడు కాలవ పని మానేశానని కబురు చేశాడు.

మూడో రోజు గ్రెచెన్ చెరువు దగ్గరికి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ జెల్లల్లో ఒకదాని వీపుకి పసుపు చీటీ ఉందట. జెల్లలు ఎంత దూరం తిరుగుతాయో తెలుసుకోవడానికి అంతకుముందెప్పుడో ఆఫీసువాళ్ళే కొన్నింటికి గుచ్చి వదిలారట. ఆ నంబరు మళ్ళీ దొరికితే పడవవాళ్ళు పుస్తకంలో రాయాలి. గ్రెచెన్ ఆ పేజీ తీసింది. పెన్సిలుతో రాసుంది. జూన్ పదహారు. 2217. చంపాం.

"చంపామని రాసిన చేప నీ చెరువులో బతికే ఉంది ఎర్లిండా. ఈ రాత ఎవరిదో తెలుసా?"

వదిన పుస్తకం మీదికి వంగింది. ఏడు మధ్యలో చిన్న అడ్డగీత ఉంది. ఒకటికీ ఏడుకీ తేడా తెలియాలని వంటింటి బల్ల మీద డెల్బర్ట్ చెయ్యి పట్టుకుని ఆ గీత దిద్దించింది ఆమే.

నేను అబద్ధం చెబుతుందనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని. "మా తమ్ముడిది" అంది వదిన. తర్వాత ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. ఆ పదహారు మర్నాడే మా కైరా వేడుకలో మూడో రోజు. తడిసిన బూట్ల సంగతి అక్కడే చెప్పేశాను. వదిన నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఇంకొకళ్ళ వంక చూసినట్టు చూసింది.

ముందు హోస్కీ ఇంటికి తీసుకెళ్ళమంది. పిండి బస్తా, కాఫీ డబ్బా పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడింది. "బావగారూ, జాలీ ఉంది. తప్పు నాది" అంది.

ఆయన బస్తా వంక చూడలేదు. "అరిచినందుకు కాదమ్మా. ఇరవై ఏళ్ళుగా నన్ను చూస్తున్నావు. పరాయి తెల్లపిల్ల, ఆ గ్రెచెన్, జాలీ పోయి చూసింది. నువ్వు చూడలేదు" అన్నాడు. తలుపు మెల్లిగా వేసుకున్నాడు. కంచే చేను మేస్తే, నిజంగా కాపలా కాసినవాణ్ణి కొట్టొచ్చాం ఇద్దరం.

మర్నాడు మిగిలిన ముప్పై ఒకటినీ నదిలో వదిలింది. జెల్లల్ని ఎలాగూ చంపాలి, నాకిచ్చెయ్యి అని గ్రెచెన్‌ని అడిగి తీసుకుంది.

శనివారం మధ్యాహ్నం. అత్త ఇంట్లో అత్త, డెల్బర్ట్, నేను. డెల్బర్ట్ గొర్రెలకి నీళ్ళు దించి అప్పుడే కూర్చున్నాడు. వదిన ఐసు పెట్టె మోసుకుంటూ వచ్చింది. బల్ల మీద పెట్టి మూత తీసింది.

"గ్రెచెన్ కోసింది పోగా ముప్పై ఏడూ నేనే చంపాను. కర్రతో. ఒక్కొక్కదానికీ తప్పైపోయిందని చెప్పుకుని చంపాను. నా చెయ్యి వణకలేదు" అంది. డెల్బర్ట్ మొహం తెల్లగా పాలిపోయింది.

"ఏంటే ఇది, నా ఇంట్లోకి!" అంది అత్త.

వదిన అత్త పెనం తీసింది, కొవ్వు వేసింది. జెల్ల ముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లించింది. రొట్టెలు కాల్చే పెనం అది, యాభై ఏళ్ళుగా దాని మీద చేప వాసన పడలేదు. అత్త లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"అక్కా, నాకు చంపడం చేతకాలేదు" అన్నాడు డెల్బర్ట్. "నదిలోనే వదిలితే మర్నాడు మళ్ళీ పడవకే దొరుకుతాయి. ఊళ్ళో కుంటలన్నీ ఎండిపోయాయి. నీళ్ళున్నది నీ చెరువులోనే. ట్యాంకులో వేసుకొచ్చి వదిలాను, మూడు ట్రిప్పులు. నువ్వు చేపల్ని ప్రేమగా చూస్తావుగా, వీటినీ చూస్తావనుకున్నాను. అంత చెరువులో అన్నీ బతుకుతాయనుకున్నా."

"ఆగస్టులో తెలీలేదా? కొంగలని ఎందుకన్నావు?"

వాడు ఐసు పెట్టె మూత వేసేశాడు.

"నాతో ఒక్క మాట చెప్పుంటే వల వేసి తీసేసేదాన్ని కదరా. వెయ్యైనా మిగిలేవి."

"చెప్తే వాటిని చంపమనేదానివి."

"అవును, చంపమనేదాన్ని! నువ్వు జెల్లల్ని చంపలేదు, సరే. నా రెండు వేలమందిని ఎవరు చంపారు? అవి ప్రాణాలు కావా? నీకు నీ చేతికి నెత్తురు అంటకూడదు, అంతేగా. నా చెరువులో, నా తాళంచెవితో, నేను లేని రోజు చూసి!"

"వాణ్ణనకు. నేనే చెప్పాను. చంపి పారెయ్యకురా, నీళ్ళలో వదిలెయ్ అని నేనే అన్నాను. ఏ నీళ్ళని నేను చెప్పలేదు" అంది అత్త.

వదిన పెనం ముందు నిలబడి వెనక్కి తిరిగింది. "నీకూ తెలుసన్నమాట. ఎప్పట్నుంచి?"

అత్త కిటికీ వైపు చూసింది. అప్పుడు చూశాను వదిన మొహం. తమ్ముడి సంగతి తెలిసినప్పుడు కూడా అలా లేదు. నలభై ఏళ్ళుగా ఎరుగుదును ఆమెని, మొగుడి శవం దగ్గర కూడా చూశాను. ఇంట్లో తనకి మిగిలినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ నాలుగు నెలలు ఆమె చేతి రొట్టె తింటూ, ఆమె తాళ్ళు కట్టడం చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నారు.

నాలుగు కంచాలు పెట్టింది. నాలుగింటిలోనూ ముక్కలు వేసింది. నాకూ పెట్టింది, తప్పులో నాకూ వాటా ఉందిగా.

"చంపింది తినకుండా పారేస్తే పాపం అన్నారుగా. తినండి" అంది.

"నా జన్మలో తినలేదు" అంది అత్త.

"తినకు. చూడు అయితే" అని వదిన తన కంచం ముందు కూర్చుంది. "ఇవి ఎందుకు బలిశాయో తెలుసా? వీటి ఒంట్లో ఉన్నవి నా పిల్లలే. నేను మేతేసిన పిల్లలు. వీటిని గోతిలో వేస్తే వాటిని కూడా వేసినట్టే." ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఎప్పుడూ తినలేదు ఆమె కూడా. నమిలింది, మింగింది. మళ్ళీ తుంచింది.

డెల్బర్ట్ తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు, ముళ్ళు గుచ్చుకుంటుంటే వేళ్ళతో తీసుకుంటూ. నేనూ తిన్నాను. రుచి అడక్కండి. అత్త కంచం చల్లారిపోయింది, కానీ ఆమె లేచి వెళ్ళలేదు, చివరిదాకా చూస్తూ కూర్చుంది. మిగతా ముక్కలు వదిన ఆ వారమంతా చేప తినే ఇళ్ళు వెతికి పంచింది. ఒక్కటి కూడా పూడ్చలేదు.

నవంబరులో ఆఫీసు ఉత్తరం వచ్చింది. చెరువు మూసేశారు. "నాకు చాలా బాధగా ఉంది" అంది గ్రెచెన్. బాధగా ఉందట! వేసవిలో ఒక్కసారి వల వెయ్యడానికి మనుషుల్లేరు గానీ, ఉత్తరం టైపు చెయ్యడానికి ఉన్నారు. డెల్బర్ట్ పడవ పని పోయింది. వాడిప్పుడు ఇళ్ళకి నీళ్ళు తోలుతున్నాడు. తాగడం లేదు. వదిన మళ్ళీ దుంపల షెడ్డుకెళ్తోంది. అత్తకి మందులు తెస్తుంది, గొర్రెలకి మందు పట్టిస్తుంది, డెల్బర్ట్ వస్తే వడ్డిస్తుంది. తమ్ముడూ అని మాత్రం పిలవదు. పేరుతో పిలుస్తుంది, దుంపల షెడ్డులో మనిషిని పిలిచినట్టు.

మొన్న వసంతంలో ఆ ముప్పై ఒకటిలో నాలుగు నది తీగ దాటాయని గ్రెచెన్ నాతో చెప్పింది. పరుగెత్తుకెళ్ళి వదినకి చెప్పాను. అప్పుడు డెల్బర్ట్ కూడా అక్కడే ఉన్నాడు.

"నంబర్లేంటి?" అంది. చెప్పాను. తల ఊపింది. ఆ నాలుగూ ఆమెకి కంఠతా వచ్చు.

ఆ మాటతో డెల్బర్ట్‌కి ధైర్యం వచ్చిందేమో, జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "చెరువే లేదు గదక్కా. కంచె కూడా పీకేశారు. ఇది నాకెందుకు? తీసేసుకో" అన్నాడు.

ఆమె దాన్ని తీసి, వాడి చెయ్యి లాగి, అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. చిన్నప్పుడు వాడికి పెన్సిలు పట్టించినట్టే.

"ఉంచుకో డెల్బర్ట్. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా తగలాలి" అంది.